కొట్టేసిన ఇరవై మూడు నిమిషాలు

డిసెంబర్ 20

తమ్ముడూ,

నువ్వు బతికే ఉన్నావని మరదలు పంపిన మేజోళ్ళ పార్శిల్ మీద నీ చేతిరాత చూసి తెలుసుకున్నాను. లోపల ఒక్క ముక్క రాసి పడేస్తే నీ సొమ్మేం పోయింది? నెల దాటింది. అదే నేను రాయకపోతే "అక్కకి ఆ అయస్కాంతాల కేంద్రం తప్ప వేరే లోకం లేదు" అని ఊరంతా చాటింపు వేస్తావు.

ఇక్కడ మంచు కిటికీల దాకా వచ్చింది. పగలు రెండున్నరకే చీకటి పడుతోంది. మొన్న పై ఆఫీసు నుంచి ఒక డైరెక్టరుగారు తనిఖీకి వచ్చాడు. మా కొలత గుడిసెలోకి ఒంటి మీద ఇనుముతో వెళ్ళకూడదు కదా. తాళాలు, బెల్టు, మేకులున్న బూట్లు అన్నీ బయట చెక్కపెట్టెలో వదిలి రమ్మన్నాను. "నేను డైరెక్టర్ని" అన్నాడు. "ఆ సంగతి అయస్కాంతానికి తెలియదండీ" అన్నాను. పాపం, జారిపోతున్న ప్యాంటు రెండు చేతులా పట్టుకుని అరగంట పాఠం విన్నాడు.

చిన్నప్పుడు నువ్వడిగిన ప్రశ్నే ఆయనా అడిగాడు. ధ్రువకాంతి ఆకాశంలో ఆడుతుంటే గుడిసెలో ముల్లుకి ఏం పట్టింది అని. నీకు చెప్పిందే ఆయనకీ చెప్పాను. కనబడేది వెలుగు, కనబడనిది కరెంటు. ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైన, గాలి బాగా పల్చబడ్డ చోట, ఆ వెలుగుతో పాటు లక్షల ఆంపియర్ల కరెంటు పారుతుంది. తీగ లేదు, స్తంభం లేదు. అది హెచ్చినా తగ్గినా కింద నా అయస్కాంతం కదులుతుంది, కాగితం మీద గీత దూకుతుంది. మబ్బు పట్టి వెలుగు కనబడకపోయినా గీతలో మాత్రం దొరికిపోతుంది.

అసలు కబురు. మా కేంద్రం పెద్దాయన వసంతంలో రిటైరవుతున్నాడు. ఆ కుర్చీకి జనవరి 28న ఇంటర్వ్యూ. ఇరవై ఆరేళ్ళు ఈ మంచులో గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. ఆ కుర్చీ నాకు కావాలి తమ్ముడూ, సిగ్గు విడిచి చెబుతున్నాను.

అన్నట్టు మీ కరెంటు వాళ్ళ హెడ్ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. డిసెంబర్ 11 సాయంత్రం అయస్కాంత అలజడి ఏమైనా నమోదైందా అని. ఏ సబ్‌స్టేషనో రాయలేదు. మా రికార్డు చూసి, ఏమీ లేదని రాసి సంతకం పెట్టి పంపాను. మీవాళ్ళలో ఎవడో డ్యూటీలో కునుకు తీసి, మెలకువ వచ్చాక నేరం ఆకాశం మీదకి తోస్తున్నాడు కాబోలు. వాడెవడో నీకు తెలిస్తే రాయి, నవ్వుకుంటాను.

మరదలికీ పిల్లకీ ముద్దులు. నీకు మాత్రం జవాబు వచ్చాకే.

నీ అక్క


డిసెంబర్ 27

అక్కకి,

నవ్వుకో. వాడెవడో కాదు, నేనే.

ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే నోటికొచ్చినట్టు తిడతానని కాగితం తీసుకున్నాను. ఇది మూడో కాగితం, మొదటి రెండూ చింపేశాను.

డిసెంబర్ 11 సాయంత్రం అయిదూ పదికి నేను ప్యానెల్ ముందున్నాను. కునుకు తియ్యలేదు. నాతోపాటు షిఫ్టులో సైలెన్సర్ ఉన్నాడు. మనిషి పెదవి విప్పడు కాబట్టి ఆ పేరు. ఆ సమయానికి వాడు బ్యాటరీ గదిలో ఉన్నాడు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ తీగ మీద మాకొక మీటర్ ఉంది, ముల్లు ఎప్పుడూ సున్నా మీదే పడుకుని ఉంటుంది. పదకొండేళ్ళలో అది కదలగా నేను చూడలేదు. ఆ రోజు లేచింది. ఇరవై, నలభై, డెబ్బై. బయట ట్రాన్స్‌ఫార్మర్ రొద మారిపోయింది. రోజూ వినే రొద కాదక్కా, లోపల కంకర పోసి కలుపుతున్నట్టు. నూనె వేడి నిమిషానికో డిగ్రీ పెరుగుతోంది. నీ పాఠమే గుర్తొచ్చింది. పైన కరెంటు ఊగితే కింద నేలలో కూడా కరెంటు పుడుతుందని, పొడవాటి లైన్లు దొరికితే వాటిలోకి ఎక్కి, ఎర్త్ తీగ గుండా ట్రాన్స్‌ఫార్మర్‌లో దూరి దాన్ని వేయించి పారేస్తుందని నువ్వే చెప్పావు. ఎనిమిది నిమిషాలు చూశాను. పైవాళ్ళకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అయిదూ పద్దెనిమిదికి దాన్ని లైన్లోంచి తప్పించాను.

రెండో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే భారం మొయ్యలేక అదీ ఆగిపోయింది. సాయంత్రం రద్దీలో ఊరు ఊరంతా నాలుగు గంటలు చీకటి. కూడలిలో సిగ్నళ్ళు ఆరిపోయి బస్సూ వ్యానూ గుద్దుకున్నాయి. రోడ్డు దాటుతున్న బట్టలు కుట్టే ఆవిడ మధ్యలో పడింది. ఎడమ పాదం తీసేశారు.

నన్ను సస్పెండ్ చేశారు. ఎంక్వైరీ కమిటీ వేశారు. ట్రాన్స్‌ఫార్మర్ విప్పి చూస్తే నూనె శుభ్రంగా ఉంది. నేను సమయానికి ఆపాను కాబట్టి శుభ్రంగా ఉంది! ఏమీ కాలేదు కాబట్టి ఏమీ లేదన్నారు. ఆ మీటర్‌కి రికార్డు లేదు, నా కళ్ళే సాక్ష్యం. అప్పుడు నేనే లేచి, "అయస్కాంత కేంద్రాన్ని అడగండి, వాళ్ళ దగ్గర గీత ఉంటుంది" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో నీకు తెలియదు. మా అక్క ఉందిలే అనుకున్నాను.

నీ కాగితం చైర్మన్ పైకి చదివాడు. "ఎటువంటి అలజడీ లేదు." కింద నీ సంతకం, బావ ఇంటిపేరు. నువ్వు నాకేమవుతావో అక్కడెవరికీ తెలియదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. కుంటిదైన మనిషి గురించి ఏ మొహం పెట్టుకుని రాయను? అన్నీ తేలాక చెబుదామనుకున్నాను. బాగానే తేలింది.

తమ్ముడు


జనవరి 3

తమ్ముడూ,

ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. మరదలు ఎత్తి "ఆయన మాట్లాడరట వదినా" అని పెట్టేసింది. సరే, నాకూ కాగితాలున్నాయి.

మొదటి తప్పు నీది. ఇంత జరిగితే అక్కకి పదహారు రోజులు చెప్పవా? నేను పరాయిదాన్నా? నా పరిహాసం నీకు గుచ్చుకుందని తెలుసు. దానికి లెంపలేసుకుంటున్నాను. కానీ కునుకు తీసినవాడు నువ్వని నాకు కల వచ్చిందా?

రెండోది. నా రికార్డు తప్పంటే మాత్రం ఒప్పుకోను. ఇరవై ఆరేళ్ళలో ఒక్క రోజు గీత కూడా నా కంటపడకుండా దస్త్రంలోకి వెళ్ళలేదు. నీ ఉత్తరం చదివాక డిసెంబర్ 11 కాగితం మళ్ళీ తీశాను. మధ్యాహ్నమంతా గీత నిద్రపోతోంది. రాత్రి కూడా నిద్రే. మధ్యలో మా ట్రాక్టరాయన మంచు తోస్తూ కంచె లోపలికి వచ్చాడు, ఆ ఇరవై మూడు నిమిషాలు గీత పిచ్చిగా ఊగింది. ట్రాక్టరంటే రెండు టన్నుల ఇనుము. అలాంటి ముక్కలు పనికిరావు. పెన్సిల్‌తో చుట్టి కొట్టేస్తాను, ఇది ఇక్కడ రోజూ జరిగే పనే. పాలవ్యాను వస్తే కొట్టేస్తాను, ఎవరైనా పార మరిచిపోతే కొట్టేస్తాను. అవన్నీ పోగా మిగిలిందే రికార్డు.

మాకు దగ్గరున్న ఇంకో కేంద్రం మరమ్మతు కోసం శరదృతువు నుంచి మూతపడి ఉంది, కాబట్టి సరిచూసుకోవడానికి వేరే గీత లేదు. నాదొక్కటే. అందుకే నేను జాగ్రత్తగా ఉండాలి. సొంత తమ్ముడి కోసం గీతలు పుట్టించమంటే నా వల్ల కాదు. అలా చేస్తే రేపు నా ఏ కాగితాన్ని ఎవరు నమ్ముతారు?

మీటర్ ముల్లు పాడై ఉండొచ్చు. పదకొండేళ్ళు కదలని ముల్లు ఆ రోజే సరిగ్గా పనిచేసిందని ఎలా అనుకున్నావు? నీకు చిన్నప్పటి నుంచీ ఉన్నదే ఇది. ఇంట్లో ఫ్యూజు కాల్చేసి "పిడుగు పడింది" అన్నావు, బయట మబ్బు తునక లేదు. కోప్పడకు. నీకు వినబడింది నిజంగానే వినబడి ఉంటుంది. విన్నదల్లా ఆకాశం నుంచి రాదు, అంతే.

ఆ కుట్టుపని ఆవిడ సంగతి చదివి రెండు రోజులు అన్నం సహించలేదు.

అక్క


జనవరి 9

అక్కకి,

గీతలు పుట్టించమని నిన్నెవడడిగాడు? నా ఉత్తరంలో ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. అడగని దొంగతనానికి ముందే కాదని చెప్పి, పైగా నన్ను దొంగని చేశావు. ఫ్యూజు కథ కూడా తవ్వి తీశావు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇప్పుడు నలభై నాలుగు, మూడు లక్షల మంది కరెంటు నా చేతిలో పెట్టారు.

నీ ఉత్తరం తిట్టుకుంటూ నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. ఇరవై మూడు నిమిషాలా? ఏ ఇరవై మూడు నిమిషాలు? ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు? అంత పొడుగు ఉత్తరంలో నేలబారు సంగతులన్నీ రాశావు, టైమొక్కటే రాయలేదు. అయిదూ పదికి అటూ ఇటూ గనక అయితే, అక్కా, నీ ట్రాక్టర్ నా ట్రాన్స్‌ఫార్మర్‌లో కంకర ఎలా కలిపిందో కాస్త చెప్పు.

ఇంకొకటి. ట్రాక్టర్‌ని కళ్ళతో చూశావా? చప్పుడు విన్నావా? లేక మంచు పడింది కాబట్టి ట్రాక్టర్ వచ్చే ఉంటుందని అనుకున్నావా? ఆ ట్రాక్టరాయన్ని నిలబెట్టి అడుగు. డిసెంబర్ 11 సాయంత్రం అయిదింటికి నువ్వెక్కడున్నావు బాబూ అని. ఒక్క ప్రశ్న. డైరెక్టర్ ప్యాంటు ఊడదీసిన దానివి, ట్రాక్టరాయన్ని అడగలేవా?

తమ్ముడు

వదినా, కింద ఖాళీ ఉందని నేను రాస్తున్నాను. ఈయన హాల్లో కూర్చుని నోటితో రొద చేసి వినిపిస్తున్నారు. "రోజూ ఇలా ఉంటుంది, ఆ రోజు ఇలా ఉంది, తేడా తెలుస్తోందా?" అని నన్నూ పిల్లనీ పరీక్ష పెడుతున్నారు. మొదట్లో నవ్వాం. నిన్న మిక్సీ వేస్తే పరుగెత్తుకొచ్చి స్విచ్ తీసేశారు. మీ ఇద్దరిలో ఎవరు గెలుస్తారో నాకు అనవసరం. మీ ఆడపడుచు పెత్తనం పక్కన పెట్టి ఆయన అడిగిందానికి సూటిగా జవాబు రాయండి. ఫోన్ పెట్టేసినందుకు ఏమీ అనుకోకండి. అనుకున్నా ఫరవాలేదు.


జనవరి 15

తమ్ముడూ,

మీ ఇద్దరి ఉత్తరమూ అందింది. ట్రాక్టరాయన సెలవులో ఉన్నాడు. వచ్చాక అడుగుతాను. 28 వరకు నాకు ఇక్కడ ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఆ తర్వాత అన్నీ తీరిగ్గా చూద్దాం, ఓపిక పట్టు.

నా మాట విని ఒక పని చెయ్యి. కమిటీతో పంతానికి పోకు. రొద విని పొరబడ్డానని రాసిచ్చెయ్. అలా ఒప్పుకున్నవాళ్ళని ఉద్యోగంలోంచి తియ్యరని మా పెద్దాయన కూడా అన్నాడు. మహా అయితే వేరే సెక్షన్‌కి మారుస్తారు. పిల్ల చదువుంది, ఇల్లుంది. నీ మంచికే చెబుతున్నాను.

మరదలి మాటలకి నేనేమీ అనుకోలేదు.

అక్క


జనవరి 20

అక్కకి,

రాసిచ్చేశాను. సోమవారం పదిన్నరకి, చైర్మన్ టేబుల్ మీద, ఆయన పెన్నుతోనే. "ట్రాన్స్‌ఫార్మర్ రొదను తప్పుగా అర్థం చేసుకుని, మీటర్ లోపాన్ని నిజమనుకుని, అనుమతి లేకుండా సరఫరా నిలిపివేశాను." వాక్యం వాళ్ళే తయారు చేసి పెట్టారు. ఉద్యోగం ఉంది, స్టోర్స్‌లో వేశారు. ఇప్పుడు నట్లూ బోల్టులూ లెక్కపెట్టి ఇస్తున్నాను, వాటిలో ఏదీ రొద చెయ్యదు.

నీ మీద కోపం పోలేదు. కానీ నీ ఉత్తరం చదివాక నా కాలికింద నేల కదిలింది. ఇరవై ఆరేళ్ళు గీతలు చూసిన మనిషి, నన్ను పెంచిన మనిషి, పొరబడ్డానని రాసివ్వమంటోంది. అంటే నేను పొరబడే ఉంటాను. నాకు ఇప్పుడు ఆ రొద సరిగ్గా గుర్తు కూడా రావడం లేదు. ముల్లు డెబ్బై చూశానా, నలభైయేనా? అసలు లేచిందా?

నా ఒప్పుకోలు చూపించి కమిటీ ఒక సర్క్యులర్ కూడా తీసింది. ఎర్త్ మీటర్ చూసి ఎవరూ ట్రాన్స్‌ఫార్మర్ ఆపకూడదని. ప్యానెల్ పక్కనే అంటించారు. నా స్థానంలో సైలెన్సర్ కూర్చుంటున్నాడు. దాన్ని చదివి నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. వాడు ఎప్పుడన్నాడు గనక.

సంతకం పెట్టాక తిన్నగా ఆ కుట్టుపని ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ మొహం చెల్లక వెళ్ళలేదు. ఒకటే గది. కిటికీ దగ్గర మిషను, కాలితో తొక్కేది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది. "ఎందుకు ఆపారండీ ఆ రోజు?" అని అడిగింది. పొరపాటున ఆపానని చెప్పాను. "పొరపాటా? ఏదో పెద్ద ప్రమాదం తప్పించడానికి ఆపుంటారని అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంక మీరు లేవండి" అంది. గొంతు కూడా పెంచలేదు.

నీ ఇంటర్వ్యూ బాగా జరగాలి. ఇది మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

తమ్ముడు


జనవరి 25

అక్కకి,

నిన్న సాయంత్రం అయిదూ నలభైకి స్టోర్స్ నుంచి ఇంటికి వచ్చి బూట్లు విప్పుతుంటే ఫోన్ మోగింది. సైలెన్సర్. వాడు నాకు ఫోన్ చెయ్యడం ఇదే మొదలు.

"అన్నా, ముల్లు లేచింది. అరవై దాటింది. బయట రొద... ఆ రోజు తర్వాత నువ్వు నోటితో చేసి చూపించావే, అదే. తీసెయ్యనా?"

అక్కా, నేనేమన్నానో తెలుసా?

"వదిలెయ్‌రా. నేనూ అలాగే మోసపోయాను. అది ఏమీ కాదని అయస్కాంత కేంద్రం వాళ్ళు రాసిచ్చారు. ఆపావంటే నిన్ను కూడా నా పక్కన బోల్టులు లెక్కపెట్టిస్తారు."

"సరే అన్నా" అన్నాడు. ఓసారి నూనె వేడి చూసొస్తానని పెట్టేశాడు.

పదకొండు నిమిషాల తర్వాత కిటికీలు అదిరాయి. బాల్కనీలోకి పరుగెత్తాను. సబ్‌స్టేషన్ వైపు ఎర్రటి మంట మేడలంత ఎత్తు లేచింది. ఊరి దీపాలన్నీ పోయాయి. దీపాలు పోయాక పైన ఆకాశం కనబడింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆకుపచ్చగా ఆడుతోంది. పిల్ల "ఎంత బాగుందో నాన్నా" అంది. దాని చెంప మీద కొట్టబోయి ఆగాను.

ట్రాన్స్‌ఫార్మర్ పేలినప్పుడు వాడు దాని పక్కనే ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. మొహం సగం కాలింది. ప్రాణానికి భయం లేదంటున్నారు, చేతుల గురించి అడిగితే మాట దాటేస్తున్నారు. వాడి భార్య నన్ను చూసి కాఫీ తెచ్చిచ్చింది. పేలే ముందు వాడు ఎవరితో ఫోన్లో మాట్లాడాడో ఆవిడకి ఇంకా తెలియదు.

ట్రాక్టరాయన సెలవు నుంచి వచ్చాడా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. నీ ఇంటర్వ్యూ మీదొట్టు, ఇంకేమీ రాయకు.

తమ్ముడు


జనవరి 28, మధ్యాహ్నం

తమ్ముడూ,

ట్రాక్టరాయన సెలవులో లేడు. ఎప్పుడూ లేడు. అబద్ధం రాశాను.

ట్రాక్టరాయన్ని అడగమన్న నీ ఉత్తరం జనవరి 12న అందింది. అందిన గంటలో షెడ్డుకి వెళ్ళి అడిగాను. డిసెంబర్ 11న ట్రాక్టర్ బ్యాటరీ చచ్చిపోయిందట. బండి షెడ్డు దాటలేదు. ఆ రోజు ఆయన చెక్కపారతో మంచు తీశాడు. బ్యాటరీ మార్పించిన తారీఖు షెడ్డు పుస్తకంలో కూడా ఉంది. నేను ట్రాక్టర్ని చూడలేదు, చప్పుడు వినలేదు. మంచు పడింది, గీత ఊగింది, అంతకుముందూ తర్వాతా అంతా ప్రశాంతంగా ఉంది. పైన మబ్బు, వెలుగు కనబడలేదు. ట్రాక్టరే అనుకుని పెన్సిల్ తీసుకున్నాను. అయిదూ తొమ్మిది నుంచి అయిదూ ముప్పై రెండు వరకు. నువ్వు చెప్పిన సమయానికి ఒక్క నిమిషమే తేడా. జనవరి 3న ఆ కాగితం చూసి నీకు రాసినప్పుడే ఆ అంకెలు నా కళ్ళ ముందున్నాయి. టైము రాయకుండా కలం దానంతటదే దాటిపోయిందని చెప్పను. దాటించాను.

12న దిద్దుబాటు కాగితం రాశాను. రాసి సొరుగులో పెట్టాను. కుర్చీ కోసం ఇంటర్వ్యూకి వెళ్తూ "నేను తప్పుడు రికార్డు మీద సంతకం పెట్టాను, దానివల్ల ఒకాయన సస్పెండయ్యాడు, ఆయన నా తమ్ముడు" అని చెప్పాలంటే నోరు రాలేదు. పదహారు రోజులేగా, 28 తర్వాత పంపుదామనుకున్నాను. ఈ లోపు నీ ఉద్యోగం పోకుండా ఉంటే చాలని ఒప్పేసుకోమని సలహా ఇచ్చాను. పెద్దాయన అన్నాడని రాసింది కూడా అబద్ధమే. ఆయన్ని నేనేమీ అడగలేదు.

ఇంతటితో అయిపోలేదు. 24న సాయంత్రం నేను గీత ముందే ఉన్నాను. అయిదూ ముప్పై అయిదుకి దూకింది. అదే ఆకారం. చూడగానే మీ లైన్లు గుర్తొచ్చాయి. కంట్రోల్ రూమ్ నంబరు డిసెంబర్ కాగితం మీదే ఉంది, కాగితం నా ముందే ఉంది. ఫోన్ చేస్తే "మరి 11న ఏమీ లేదన్నారు కదండీ" అంటారని చెయ్యలేదు. దాదాపు ఇరవై నిమిషాలు చూస్తూ కూర్చున్నాను.

ఇవాళ పొద్దున నీ ఉత్తరం వచ్చింది, పదకొండింటికి ఇంటర్వ్యూ. లోపలికి వెళ్ళి ముగ్గురి ముందూ 11 కాగితం, షెడ్డు పుస్తకం, 24 కాగితం పెట్టి అంతా చెప్పాను. బయటికి వచ్చాక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "తప్పు ఇవాళే బయటపడిందని రాయమ్మా. 12 సంగతి ఆ గది దాటి ఎవరికీ తెలియదు" అన్నాడు. ఆయన మంచివాడు. చెయ్యి విడిపించుకున్నాను. మీ కమిటీకి రాసిన కాగితంలో రెండు తారీఖులూ ఉన్నాయి, 24 సాయంత్రం సంగతీ ఉంది, నువ్వు నాకేమవుతావో కూడా ఉంది. కాపీ జతచేశాను.

నన్ను తిట్టు. నీ తిట్లు పూర్తిగా చదువుతాను.

అక్క


ఫిబ్రవరి 6

అక్కకి,

కమిటీ నా ఒప్పుకోలు కాగితం వెనక్కి ఇచ్చేసింది. సర్క్యులర్ చింపారు. చైర్మన్ లేచి నిలబడి నాతో చెయ్యి కలిపాడు. ఆ చెయ్యి పట్టుకుంటే నాకు ఒళ్ళు మండింది.

నీ ఉత్తరం ఆస్పత్రిలో సైలెన్సర్‌కి చదివి వినిపించాను. పూర్తిగా, ఒక్క ముక్క వదలకుండా. నేను ఫోన్లో అన్న మాట వాడి భార్య ముందు మళ్ళీ అన్నాను. ఆవిడ బయటికి వెళ్ళిపోయింది. మంచం పక్కన కూర్చున్నాను. కట్ల మధ్య ఒక్క కన్ను కనబడుతోంది. ఎడమ చేతి వేళ్ళు మూడు తీసేశారు, కుడిచెయ్యి చూడాలట.

చివరికి వాడే నోరు విప్పాడు. "నాకు ముల్లు కనబడుతూనే ఉందన్నా. రొద వినబడుతూనే ఉంది. తీసేద్దామనే అనుకున్నాను. నువ్వు చెప్పావని ఊరుకున్నాను."

నిన్ను తిట్టడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ మాట అడ్డం వస్తోంది. నాకూ ముల్లు కనబడింది. నువ్వు చెప్పావని సంతకం పెట్టాను. నిన్ను ఎంత తిట్టాలో నన్నూ అంత తిట్టుకోవాలి, ఆ పని రోజూ చేసుకుంటున్నాను. కోపం ఇద్దరికి పంచినా తగ్గడం లేదు.

బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. పొరపాటు కాదని చెప్పాను. "మరి ఆ రోజు పొరపాటని ఎందుకు చెప్పారు?" అంది. తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

సోమవారం నుంచి షిఫ్టుకి రమ్మన్నారు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేవరకు ఉన్న ఒక్కదానితోనే నెట్టుకు రావాలి. మీ పెద్దాయన కుర్చీ ఎవరికిచ్చారో రాయకు, నేను వినలేను. నాకు ఉత్తరాలు రాయకు. నాకు ఎప్పుడు రాయాలనిపిస్తే అప్పుడు నేనే రాస్తాను, అది ఏడాదికో రెండేళ్ళకో తెలియదు.

గీత దూకినప్పుడు మాత్రం కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చెయ్యి. అది నిజమా ట్రాక్టరా అని ఆలోచించకు, ఆ సంగతి మేం చూసుకుంటాం. నన్ను పిలవమని అడగకు. ఎవరెత్తితే వాళ్ళకి చెప్పి పెట్టెయ్.

తమ్ముడు